ఆసు పోసే చేతికి పేరు లేదా?

స్వతంత్ర కళాకారిణి అన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. ఇంట్లో కూర్చుని చేత్తో ఏదో ఒక వస్తువు తయారుచేసో, కంప్యూటరు మీదో ఫోను మీదో నమూనాలు గీసో, వాటిని నేరుగా కొనేవాళ్లకు అమ్ముకునే స్త్రీని ఈ పేరుతో పిలుస్తున్నారు. శిక్షణ శిబిరాల్లో, బ్యాంకుల ప్రచార పత్రాల్లో, మహిళా దినోత్సవ ఉపన్యాసాల్లో ఆమె సాధికారతకు సరికొత్త ప్రతీక. ఆమెకు యజమాని లేడు, ఫ్యాక్టరీ సైరను లేదు, ఇల్లు విడిచి పోనక్కర్లేదు, తన కళ తనదే, తన సంపాదన తనదే అని చెబుతున్నారు. ఈ మాటల్లో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతో, దాని చాటున ఉన్న అబద్ధం ఎంతో తేల్చుకోకుండా స్త్రీల సంఘాలు కూడా ఇదే పాట అందుకోవడం మంచిది కాదు. ఆ చర్చను ఈ సంచికలో మొదలుపెడుతున్నాం.

ఈ చర్చకు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. వానల మీద ఆధారపడ్డ ఈ మెట్ట నేలలో వ్యవసాయం కాక జనానికి అన్నం పెట్టిన పనుల్లో చేనేత ముఖ్యమైనది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, ఆలేరు ఒకవైపు. గద్వాల, రాజోలి, అమరచింత, నారాయణపేట ఇంకోవైపు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో లంబాడీ స్త్రీల కుట్టుపని వేరే సంపద. 2016 అక్టోబరులోనూ, మళ్లీ 2019లోనూ జరిగిన విభజనలతో ఈ ఊళ్లలో చాలావరకు యాదాద్రి భువనగిరి, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లాల్లోకి వెళ్లాయి. మనం పాత పేర్లతోనే మాట్లాడుకుందాం. ఎందుకంటే జిల్లాల సరిహద్దులు మారాయి గాని చేతిలో ఇంత కళ ఉన్నవాళ్లు షోలాపూర్‌కూ భీవండికీ సూరత్‌కూ వలసపోయిన చరిత్ర మారలేదు. ఇక్కడి స్త్రీలు "స్వతంత్ర కళాకారిణి" అన్న మాట పుట్టకముందు నుంచీ కళాకారిణులే. వాళ్లను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే.

ముందు ఇక్కత్ పనిలో నమూనా ఎక్కడ పుడుతుందో చూద్దాం. మామూలు చీర మీద అద్దకం అయితే బట్ట తయారయ్యాక దాని మీద బొమ్మ పడుతుంది. ఇక్కత్‌లో బట్ట ఇంకా లేనప్పుడే బొమ్మ నూలులో ఉంటుంది. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి బొమ్మ గీస్తారు. పేక పోగును అర్ధచంద్రాకారంగా దిగ్గొట్టిన మేకుల చట్రం మీద అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోస్తారు. ఆ పోగుల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్లు కడతారు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొత్త కట్లు కట్టి, మరో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఇదే తంతు. తర్వాత వరస తప్పకుండా కండెలు చుట్టాలి. ఒక కండె వరస తప్పినా ఏనుగు తొండం ఒకచోట, తల ఒకచోట పడతాయి. ఇంతా అయ్యాక ఆ నూలు మగ్గం ఎక్కుతుంది. అంటే మగ్గం దగ్గరకు చేరేసరికి చీర మీద బొమ్మ సగానికి పైగా తయారైపోయినట్టే. ఆసు పోసిందెవరు, కట్టు కట్టిందెవరు, కండెలు చుట్టిందెవరు? అత్యధికంగా స్త్రీలు. ఈ పనుల్లో వేలికొసల లెక్క, రంగుల వరస, చూపు, జ్ఞాపకం అన్నీ కావాలి. ఇవన్నీ కలిస్తే వచ్చేదాన్ని ఇంకెక్కడైనా డిజైను అంటారు. ఇక్కడ మాత్రం "ఇంట్లో ఆడవాళ్లు చేసే సాయం" అంటారు.

ఈ మాట ఇళ్లలో మాత్రమే వినిపించేది కాదు, కాగితాల మీద కూడా ఉంది. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులున్నారని తేల్చింది. వారిలో 72 శాతానికి మించి స్త్రీలే. ఆ గణన కార్మికులను రెండు కుప్పలుగా పోసింది. మగ్గం మీద నేసేవాళ్లు ఒకటి, అనుబంధ కార్మికులు రెండోది. మొదటి కుప్పలో 26 లక్షలకు పైగా, రెండో దానిలో 8 లక్షలకు పైగా ఉన్నారు. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం స్త్రీలది. ఇక్కడ మగ్గం మీద ఎక్కువగా పురుషుడు కూచుంటాడు, మగ్గానికి ముందు పనంతా స్త్రీ చేస్తుంది. స్త్రీలు నేసే ఇళ్లూ ఉన్నాయి, భర్త చనిపోయాక గుంట మగ్గంలోకి దిగినవాళ్లూ ఉన్నారు. అయినా సహకార సంఘంలో సభ్యత్వం, మగ్గం సంఖ్య, నూలు రాయితీ, బ్యాంకు రుణం వచ్చేసరికి లెక్కలోకి వచ్చేది మొదట మగ్గం, ఆ మగ్గం యజమాని. ఆసు పోసిన స్త్రీ "అనుబంధం". ఏ పనికి అనుబంధం? ఆమె లేకపోతే బొమ్మే లేదు, బొమ్మ లేకపోతే అది పోచంపల్లి చీరే కాదు. ఎవరి పనికి ఎవరి పని అనుబంధమో తేల్చేది శ్రమ స్వభావం కాదనీ, ఇంట్లోని అధికారమే దాన్ని తేలుస్తుందనీ చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆసు యంత్రం కథ మనందరికీ తెలిసిందే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి భుజం, మోచెయ్యి పట్టేసిన తల్లి లక్ష్మి బాధ చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో యంత్రాన్ని తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ లెక్క దేశానికంతా తెలిసింది ఆయన వల్లే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. స్త్రీ ఒంటినొప్పిని ఒక సాంకేతిక సమస్యగా గుర్తించిన పురుషులు మనకు ఎక్కువ మంది లేరు, అందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కాని మనం వేసుకోవాల్సిన ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. అంతకుముందు తరతరాలుగా ఆసు పోసిన స్త్రీల భుజాల నొప్పి ఏ వృత్తి వ్యాధుల జాబితాలోకీ ఎందుకు ఎక్కలేదు? యంత్రం రావడంతో మిగిలిన గంటలు ఆ స్త్రీకి విశ్రాంతిగా మిగిలాయా, కట్లు కట్టే పనిలోకి పోయాయా? ఇంటి మనిషిగా జీతం లేకుండా ఆసు పోసిన స్త్రీకి యంత్రం మేలే చేస్తుంది, మరి పక్కింటికి కూలికి ఆసు పోసి నాలుగు రూపాయలు సంపాదించుకున్న స్త్రీకి ఏం చేస్తుంది? యంత్రం మంచిదా చెడ్డదా అని అడిగే ముందు అది ఎవరి చేతిలో ఉంది, దానివల్ల మిగిలింది ఎవరికి దక్కింది అని అడగాలి. కంప్యూటరు విషయంలోనూ అడగాల్సింది ఇదే.

పుట్టపాక తేలియా రుమాళ్ల విషయం చూడండి. నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి తయారుచేసే ఈ బట్టకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నైపుణ్యాన్ని నిలబెట్టిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ పురస్కారాలు వచ్చాయి. వాళ్ల ప్రతిభను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. కాని పురస్కారం ఒక్క పేరుకు వస్తుంది, పనిని మాత్రం ఇల్లంతా, వాడంతా చేస్తుంది. నూనె నూలు పిసికిన చేతుల పేర్లు ఏ ప్రశంసాపత్రంలోనూ ఉండవు.

ఇది మన ఊళ్ల వెనకబాటుతనం అనుకోనక్కర్లేదు. 1919లో జర్మనీలో ప్రారంభమైన బౌహౌస్ కళాశాల స్త్రీ పురుష భేదం పాటించబోమని ప్రకటించింది. తీరా చేరిన ఆడపిల్లలను ఎక్కువగా నేత విభాగంలోకి తోసింది, భవన నిర్మాణం వంటివి మగవాళ్లకు ఉంచింది. అలా తోసిన చోటే ఆనీ ఆల్బర్స్ నేతను కళగా నిలబెట్టింది. 1949లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో ఏకవ్యక్తి ప్రదర్శన జరిగిన మొదటి నేత కళాకారిణి ఆమె. మన దగ్గరే మరో ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరిలోని నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం ప్రచురించింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న వేలాది స్త్రీలను "ఖాళీ సమయంలో అల్లికలు అల్లుకునే గృహిణులు"గా చూడటం వల్లే వాళ్ల కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె చూపించింది. ఇంట్లో కూచుని చేస్తుంది కాబట్టి అది పని కాదు, పని కాదు కాబట్టి కూలి అడగకూడదు, కూలి లేదు కాబట్టి ఆమె కార్మికురాలు కాదు. ఈ గొలుసు ఇప్పటికీ తెగలేదు. "స్వతంత్ర కళాకారిణి" అన్న మాట దీన్ని తెంచుతుందా, లేక దీనికే పూత పూస్తుందా అన్నది మన ముందున్న అసలు ప్రశ్న.

పూత మాత్రమే అనడం అన్యాయం. చేనేత కుటుంబంలో పుట్టి చదువుకున్న ఆడపిల్లను ఊహించండి. గ్రాఫు కాగితం మీద తాత గీసిన బొమ్మలను ఆమె ఫోను మీద, కంప్యూటరు మీద గీయగలదు. రంగులు మార్చి పది రకాలుగా చూసుకోవచ్చు, నూలు వృథా కాకముందే తప్పు దిద్దుకోవచ్చు. తల్లి కట్టిన కట్టుతో వచ్చిన దుపట్టాను ఫొటో తీసి దూరపు ఊళ్లో ఉన్న మనిషికి చూపించి ఆర్డరు తీసుకోవచ్చు. మాస్టర్ వీవరు చెప్పిన రేటుకు తల వంచడం తప్ప దారిలేని తల్లికి, నేరుగా కొనేవాళ్లతో మాట్లాడే కూతురికి మధ్య తేడా చిన్నది కాదు. తన బొమ్మకు తనే ధర చెప్పడం, ఆ డబ్బు తన ఖాతాలో పడటం, కింద తన పేరు రాసుకోవడం, ఇవి హక్కులే. ఇది నేర్చుకుంటున్న ఆడపిల్లలకు మన సంఘాలు అండగా నిలవాలి.

కాని ఆ స్వతంత్రం నిలబడటానికి ఎన్ని అమరాలో కూడా లెక్కపెట్టాలి. మొదట ఫోను ఆమెది కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతమే, పురుషుల్లో సగానికి పైగా వాడారు. తర్వాత ఈ అంకెలు పెరిగి ఉంటాయి. అయినా ఫోను ఉండటం వేరు, ఎవరూ పక్కన కూచుని చూడకుండా, అనుమానించకుండా అపరిచితులతో బేరం మాట్లాడగలగడం వేరు. బ్యాంకు ఖాతా, పాన్ కార్డు ఆమె పేరున ఉండాలి, వాటి రహస్య సంఖ్యలు ఆమెకు మాత్రమే తెలియాలి. పెద్ద ఆన్‌లైను కంపెనీల ద్వారా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే ఎంత తక్కువ అమ్మినా జి.ఎస్.టి. నమోదు కావాలి. సొంత రాష్ట్రంలోపల అమ్ముకునే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు నుంచి షరతులతో మినహాయింపు ఇచ్చారు. కాని పోచంపల్లి దుపట్టా కొనేవాళ్లు బెంగుళూరులోనూ ఢిల్లీలోనూ ఉంటారు కదా. ఫొటోలో రంగు ఒకలా, చేతిలో రంగు ఒకలా ఉందని తిరిగి పంపితే రెండువైపుల రవాణా ఖర్చు ఎవరి నెత్తిన? చేతి పనికి యంత్రం పనికున్న ఏకరూపత ఉండదని కంపెనీ నిబంధనలకు తెలియదు. యజమాని లేడు అంటున్నాం గాని, ఎవరి సరుకు ఎవరికి కనబడాలో నిర్ణయించే కనబడని యజమాని ఉన్నాడు. అతనితో బేరం ఆడలేం, అతని ముందు ధర్నా చెయ్యలేం. ఇక వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లు యథాతథం. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పని రెండింతలు. రాత్రి పదింటికి కొనేవాళ్లకు జవాబిస్తున్న స్త్రీ పనివేళలను ఏ చట్టం లెక్కపెడుతుంది?

ఇప్పుడు దొంగతనం గురించి. ఒక నమూనా ఫొటో బయటికి వెళ్లగానే అది ఎక్కడో మిల్లు బట్ట మీద అచ్చు పడుతుంది. పోచంపల్లి బొమ్మల అచ్చు చీరలు చవగ్గా అంగళ్లలో ఉంటాయి, కొనేవాళ్లలో చాలామందికి తేడా తెలియదు. చీరను తిరగేసి రెండువైపులా ఒకేలా రంగు ఉందో లేదో చూడమని మనం నేర్పవచ్చు, నేర్పాలి. కాని భారమంతా కొనేవాళ్ల మీద వేసి ఊరుకోలేం. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టాన్ని 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది. మొదట కేటాయించిన 22 రకాలు తర్వాత 11కు తగ్గాయి. ఆ చట్టం చేతిమగ్గానికీ మరమగ్గానికీ మధ్య గీత గీసింది గాని నమూనా గీసిన మనిషి వైపు చూడలేదు.

నమూనా గీసిన మనిషి గురించి మాట్లాడేది 2000 నాటి డిజైన్ల చట్టం. కొత్త నమూనాను నమోదు చేసుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. కాని నమూనాను ముందే ఎక్కడైనా ప్రకటిస్తే కొత్తది కాకుండా పోతుంది. ఫోనులో నలుగురికీ ఫొటో పంపి ఆర్డర్లు తీసుకునే స్త్రీ, ఆ పంపడంతోనే తన హక్కును తనకు తెలియకుండానే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. నమోదు చేసుకోకపోయినా కాపీరైటు ఉంటుంది కదా అంటారు. 1957 కాపీరైటు చట్టం పదిహేనో సెక్షను ప్రకారం, డిజైనుగా నమోదు చెయ్యదగిన దాన్ని నమోదు చెయ్యకుండా, పారిశ్రామిక పద్ధతిలో యాభైసార్లకు మించి తయారుచేస్తే ఆ హక్కు పోతుంది. ఇంకో మెలిక ఉంది. ప్రతిఫలం తీసుకుని వేరొకరి కోసం గీసి ఇస్తే, డిజైన్ల చట్టం దృష్టిలో యజమాని గీయించుకున్నవాడే, గీసినది కాదు. మాస్టర్ వీవరుకు వంద రూపాయలకు గ్రాఫు గీసి ఇచ్చిన స్త్రీ, ఆ బొమ్మ లక్షల రూపాయల సరుకైనా నోరెత్తలేదు. ఈ విషయాలు మన శిక్షణ శిబిరాల్లో ఎక్కడైనా చెబుతున్నామా? ఫొటో ఎలా తియ్యాలో నేర్పుతున్నాం, ఫొటో పంపకముందు ఏం చెయ్యాలో నేర్పడం లేదు.

సమష్టి హక్కు వేరే ఉంది. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం కింద మొట్టమొదట గుర్తింపు పొందిన వాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. పోచంపల్లి చేనేత సహకార సంఘం, పట్టు చీరల తయారీదారుల సంఘం కలిసి దాన్ని సాధించాయి. గద్వాల, నారాయణపేట చీరలకూ ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు సంఘం పేరున ఉన్నా, దాన్ని వాడుకునే అధికారం కోసం ఉత్పత్తిదారులు విడివిడిగా నమోదు చేసుకోవాలి. ఆ రుసుమును 2020లో అయిదు వందల నుంచి పది రూపాయలకు తగ్గించారు. ఉత్పత్తిదారు అంటే ఎవరు? చేతివృత్తుల సరుకు విషయంలో దాన్ని తయారుచేసే వ్యక్తి అని చట్టం చెబుతుంది, ఆ సరుకుతో వ్యాపారం చేసేవాళ్లను కూడా అందులో కలుపుతుంది. అంటే అంగట్లో అమ్మే వ్యాపారికి తలుపు తెరిచే ఉంది. ఆసు పోసే, కట్టు కట్టే, రంగులో ముంచే స్త్రీలు "తయారుచేసే వ్యక్తులు" కాకుండా ఎలా పోతారు? చట్టం ఎక్కడా వాళ్లను కాదనలేదు. మనం అడగలేదు. ఈ పది రూపాయల కాగితం కోసం స్త్రీలు వందల సంఖ్యలో దరఖాస్తులు పెట్టుకుంటే "అనుబంధ కార్మికులు" అన్న మాటకు చట్టపరంగా తొలి దెబ్బ తగులుతుంది.

ఇక్కడ మనలో మనం నిజాయితీగా మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. ఒక స్త్రీ ఈ నమూనా నాది అన్నప్పుడు, ఆ "నాది"లో ఎవరెవరు ఉన్నారు? ఇక్కత్ పనిలో పద్మశాలి కుటుంబాలే కాక, కూలికి కట్లు కట్టే ఇతర వెనకబడిన కులాల, దళిత స్త్రీలు కూడా ఉన్నారు. మగ్గం ఉన్న ఇంటి ఆడపిల్ల కళాకారిణి అయి, కట్టు కట్టిన కూలి స్త్రీ పాత రేటు దగ్గరే ఉండిపోతే మనం యజమానిని మార్చినట్టే గాని సంబంధాన్ని మార్చినట్టు కాదు. లంబాడీ స్త్రీల విషయంలో ఇది ఇంకా స్పష్టం. అద్దాలు, గవ్వలు కూర్చి ఫేటియా, కాంచళి కుట్టుకున్న స్త్రీలు అది అమ్మడానికి కుట్టలేదు, తమ పెళ్లికి, తమ ఒంటికి కుట్టుకున్నారు. పాత దుస్తులను చవగ్గా కొని, కోసి, సంచులుగా దిండుగలీబులుగా మార్చి అమ్మే వ్యాపారం ఒకటి పెరిగింది. ఇప్పుడా కుట్టు నమూనాలను కంప్యూటరు మీద గీసి తమ సొంత డిజైన్లుగా అమ్ముకుంటున్న చదువుకున్న వర్గాల వాళ్లలో స్త్రీలు కూడా ఉన్నారు. స్త్రీ చేసింది కాబట్టి అది దోపిడీ కాకుండా పోదు. పనామాలో గునా తెగ స్త్రీలు కుట్టే మోలా బట్టకు 2000 సంవత్సరంలో చేసిన చట్టం సమష్టి హక్కు ఇచ్చింది. 2019లో నైకీ కంపెనీ ఆ నమూనాతో బూట్లు తేబోతే గునా ప్రతినిధులు అడ్డుపడ్డారు, కంపెనీ వెనక్కి తగ్గింది. గ్వాటెమాలాలో మాయా స్త్రీలు తమ నేత నమూనాల మీద సమష్టి హక్కు కోసం 2016లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. వ్యక్తి పేరూ కావాలి, సమూహపు హక్కూ కావాలి. రెంటిలో ఒకటి ఎంచుకోమని మనల్ని అడిగేవాళ్లను నమ్మనక్కర్లేదు.

ఈ మధ్య మరో కొత్త చిక్కు వచ్చింది. నాలుగు మాటలు టైపు చేస్తే కృత్రిమ మేధ క్షణాల్లో "పోచంపల్లి శైలి" బొమ్మలు గీసిపెడుతోంది. ఆ శైలిని అది ఎక్కడ నేర్చుకుంది? స్త్రీలు, పురుషులు తరతరాలుగా కట్టిన కట్ల ఫొటోల నుంచి. ఆ నేర్చుకోవడానికి ఎవరినీ అనుమతి అడగలేదు, ఎవరికీ పైసా ఇవ్వలేదు. రేపు బొమ్మ గీయడానికి మనిషి అక్కర్లేదు, కట్టు కట్టడానికి మాత్రం చవకైన చేతులు కావాలి అనే పరిస్థితి రావచ్చు. అప్పుడు ఆ చేతులు మళ్లీ ఎవరివవుతాయో చెప్పనక్కర్లేదు. చేతి పనికి విలువ కట్టించుకోవడం ఇప్పుడు ఇంత అవసరమైంది అందుకే.

ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. అలాంటి ఒడంబడిక కావాలని గట్టిగా పోరాడిన వాళ్లలో మన దేశపు సేవా సంస్థ ఉంది. మన ప్రభుత్వం మాత్రం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. 2020 సామాజిక భద్రతా కోడ్ "గృహాధారిత కార్మికులు" అన్న మాటను నిర్వచించింది గాని, నిర్వచనం కూలి రేటును ఇవ్వదు. అదే 2020లో కేంద్రం అఖిల భారత చేనేత బోర్డునూ హస్తకళల బోర్డునూ రద్దు చేసింది. పనిచేసేవాళ్లు తమ మాట వినిపించడానికి ఉన్న కొద్దిపాటి వేదికలు కూడా పోయాయి. స్వతంత్ర కళాకారిణి అని పొగుడుతూనే ఆమె మాట్లాడే చోట్లు మూసేస్తున్న ప్రభుత్వాలను మనం నిలదీయాలి.

ఈ పరిస్థితిలో స్త్రీల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు చెయ్యగల పనులున్నాయి. మొదటిది, ఈ ప్రాంతంలోని నేత ఊళ్లలో ఆసు, కట్టు, రంగు, కండెల పనులు చేసే స్త్రీల జాబితాలు పేర్లతో సహా మనమే తయారుచేయాలి. వాళ్లు భౌగోళిక గుర్తింపుకు అధీకృత వినియోగదారులుగా నమోదయ్యేలా చూడాలి. రెండోది, సహకార సంఘాల్లో భర్త పేరున ఉన్న సభ్యత్వంతో పాటు భార్యకూ విడిగా సభ్యత్వం, ఓటు ఇమ్మని అడగాలి. మగ్గం లేనంత మాత్రాన కార్మికురాలు కాకుండా పోదని తీర్మానం చేయించాలి. మూడోది, కట్టు పనికి, ఆసు పనికి ముక్క రేటును ఊరూరా పోల్చి చూసి, బహిరంగంగా ప్రకటించి, దానికి కనీస వేతనంతో ముడిపెట్టాలి. నాలుగోది, నమూనా గీసే ఆడపిల్లలకు చట్టం నేర్పాలి. గీసిన తేదీతో గ్రాఫును భద్రపరుచుకోవడం, ఒప్పందం రాతలో ఉంచుకోవడం, ప్రకటించకముందే నమోదు చేసుకోవడం చెప్పాలి. ఒంటరి స్త్రీకి వెయ్యి రూపాయల రుసుము, కలకత్తా కార్యాలయంతో ఉత్తర ప్రత్యుత్తరాలు భారమే. సంఘం పేరున, నమూనా గీసినవాళ్లందరి పేర్లూ కలిపి చెయ్యవచ్చు. అయిదోది, అమ్మే ప్రతి వస్తువు వెంట వెళ్లే చీటీ మీద నేసినవాళ్ల పేరుతో పాటు ఆసు పోసినవాళ్ల, కట్టు కట్టినవాళ్ల పేర్లు కూడా ఉండాలి. చీటీ మీద రెండు పేర్లు అదనంగా రాయడానికి ఏ పథకమూ అక్కర్లేదు, ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. మన సంస్థల అమ్మకపు కేంద్రాల నుంచే ఇది మొదలుకావాలి.

ఇవన్నీ చిన్న పనుల్లా కనిపించవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు విని, రాసి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా అచ్చువేసినప్పుడు కూడా, ఇందులో ఏముంది, అన్నం వండిపెట్టారు, కబుర్లు మోశారు అన్నవాళ్లున్నారు. ఆ అన్నం, ఆ కబుర్లు లేకుండా ఉద్యమమే లేదని తర్వాత అందరూ ఒప్పుకోవాల్సి వచ్చింది. నేత విషయంలోనూ అదే జరగాలి. స్వతంత్రం అంటే ఒంటరిగా మార్కెట్టు ముందు నిలబడటం అని మనకు చెబుతున్నారు. చేసిన పనికి పేరు, ఆ పేరుకు హక్కు, ఆ హక్కును నిలబెట్టుకోవడానికి పక్కన నలుగురు ఉన్నప్పుడు దాన్ని స్వతంత్రం అనవచ్చు. మీ ఊళ్లలో, మీ సంఘాల్లో ఈ విషయం మీద జరిగిన ప్రయత్నాలను, ఎదురైన అడ్డంకులను, మీ భిన్నాభిప్రాయాలను మాకు రాయండి. వచ్చే సంచికలో ఈ చర్చను మీ మాటలతో కొనసాగిద్దాం.